"నెలకెంత ఇస్తారు మాస్టారూ?": మా కాలనీ సంక్షేమ సంఘానికి బహిరంగ లేఖ

అధ్యక్షులు గారికి, కార్యదర్శి గారికి, కమిటీ సభ్యులకు, కాలనీవాసులందరికీ నమస్కారం.

పోయిన నెల సర్వసభ్య సమావేశంలో ఏడో అంశం మా ఇల్లే. బోరు మోటారు, వీధి కుక్కలు, చెత్త బండి అన్నీ అయ్యాక, మా మేడ మీద గురువారం సాయంత్రం జరిగే మా క్రైస్తవుల ప్రార్థన కూడిక వంతు వచ్చింది. నివాస గృహాల్లో మత సమావేశాలు జరపకూడదని తీర్మానం చేద్దామన్నారు. మాటల మధ్యలో వెనక వరసలోంచి ఎవరో "ఇంతకీ నెలకెంత ఇస్తారు మాస్టారూ?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ముప్పై నాలుగేళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పినవాణ్ణి, వెనక బెంచీ మాటలకి నవ్వడం అలవాటే. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే ఆ నవ్వు నాకే నచ్చలేదు.

తీర్మానం వచ్చే సమావేశానికి వాయిదా పడింది. ఈలోగా ఈ ఉత్తరం. నోటీసు బోర్డుకి అంటించమంటే కార్యదర్శిగారు సరేనన్నారు, మరీ పొడుగైతే కిందివైపు మడుస్తానన్నారు. మడవండి, ఫర్వాలేదు.

ముందు ఆ లెక్క తేల్చేస్తాను. నాకెవరూ ఏమీ ఇవ్వరు. నేనే ఇస్తాను. పింఛనులో పదోవంతు, దశమభాగం అంటాం, మా చర్చి సంఘానికి వెళ్తుంది. మా ఆవిడ రోజూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి పొయ్యి పక్కనున్న పాత హార్లిక్స్ సీసాలో వేస్తుంది. వాళ్లమ్మ వేసేది, వాళ్లమ్మమ్మ వేసేది. ఆదివారం ఆ సీసా చర్చికి పోతుంది, అక్కడినుంచి పొయ్యి వెలగని ఇంటికి పోతుంది. మా ఇంటికి ఎక్కడినుంచో బియ్యం వస్తున్నాయని మీరనుకుంటున్నారు గానీ, ఇంతకాలంగా అవి బయటికే పోతున్నాయి.

ఆ ప్రశ్న వెనక ఇంకో మాట ఉంటుంది. మొహం మీద ఎవరూ అనరు గానీ నా చెవిన పడుతూనే ఉంటుంది: మీ తాతలు బియ్యానికి మారారు. ఒంగోల్లో ఉంటూ ఆ మాట అనేవాళ్లకి ఒంగోలు సంగతే కొంచెం చెప్పాలి.

1876లో మొదలై 1878 దాకా పీడించిన ధాత కరువు మీరు వినే ఉంటారు. మద్రాసు రాజధానిలో లక్షల మంది మలమల మాడి పోయారు. అప్పుడు ఒంగోల్లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఉండేవాడు. మా పెద్దవాళ్ల నోట క్లౌ దొర. మత బోధకు రాకముందు సర్వే పని చేసినవాడు. ఆ చదువు అడ్డం పెట్టుకుని, బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం సర్కారు దగ్గర కాంట్రాక్టు తీసుకుని, వేలమందికి పని చూపించి కూలి ఇచ్చాడు. ఇదిగో బియ్యం దొరికింది కదా అంటారు. దొరికింది. అయితే ఆ కరువు పనులు నడిచినన్నాళ్లూ ఆయన బాప్తిస్మాలు, అంటే నీళ్లలో ముంచి సంఘంలో చేర్చుకోవడం, ఆపేశాడు. వచ్చి కాళ్లావేళ్లా పడినా ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని ఆయన పట్టుదల. పనులు ముగిసి, కూలి డబ్బుల సంగతి పోయాక, 1878 జులై 3న ఒంగోలుకి ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజులో 2,222 మంది మునిగి లేచారు. ముందురోజు, మర్నాడు కలుపుకుంటే 3,536 మంది. అంకెలు పెద్దవే. లెక్కల మాస్టర్ని అయినా నా కన్ను మాత్రం ఆ తేదీ మీదే ఆగుతుంది.

ఆ 3,536లో మా ముత్తాత ఒకడు. పన్నెండేళ్ల పిల్లాడట. వరసలో నిలబడి నిలబడి ఆకలేసి ఏడిస్తే ముందున్న ఒకావిడ కొంగు ముడి విప్పి రొట్టె ముక్క పెట్టిందట. అంత పెద్ద రోజులో ఆయనకు జీవితాంతం గుర్తున్నది ఆ రొట్టె ముక్కేనని మా తాత చెప్పి నవ్వేవాడు.

ఆ వేలమంది మనసుల్లో ఇంకే ఆశా లేదని నేను ప్రమాణం చెయ్యను. చావు ముంచుకొచ్చినప్పుడు చెయ్యందించినవాడు ఏం చెబుతాడో వినాలనిపించడం మనిషి లక్షణం. కానీ అసలు కథ కరువు కన్నా పదేళ్ల ముందే మొదలైంది. తాళ్లకొండపాడులో యెర్రగుంట్ల పేరయ్య అని ఒక మాదిగ తోళ్ల వ్యాపారి. గురువు దగ్గర యోగం నేర్చుకున్నవాడు, దేవుణ్ణి వెతుకుతున్నవాడు. వ్యాపారం మీద ఉత్తరం వైపు వెళ్లినప్పుడు యేసు సంగతి విన్నాడు. 1866లో బాప్తిస్మం తీసుకుని ఊరూరా కాలినడకన చెప్పుకుంటూ తిరిగాడు. ఈ చుట్టుపక్కల పల్లెల్లో మా నమ్మకాన్ని నాటింది ఎక్కువగా ఆయనలాంటివాళ్లే. దొర గుర్రం మీద వచ్చేసరికే మాదిగపల్లెల్లో మాట మొలకెత్తి ఉంది.

ఆ తొలిరోజుల సంగతి ఇంకొకటి. మిషన్ బడికి పెద్ద కులాల పిల్లలు వచ్చేవారు. మాదిగల్ని సంఘంలో చేర్చుకోవడం మొదలయ్యేసరికి ఊరి పెద్దలు వచ్చి, వాళ్లని వదిలెయ్యండి, లేకపోతే మా పిల్లలు రారు అన్నారు. దొర, దొరసాని ఎవరి గదిలో వాళ్లు బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు తగిలిందని, అది లోకం నీచమనుకున్నవాళ్లనే దేవుడు ఎంచుకున్నాడన్న మాట అని క్లౌ దొర తర్వాత చెప్పుకున్నాడు. కాకతాళీయమంటారో ఇంకేమంటారో మీ ఇష్టం. బడి మాత్రం ఖాళీ అయింది. మనుషుల్ని కొనడానికి వచ్చినవాడైతే ఆ బేరం వదులుకునేవాడు కాదు.

విదేశీ మతమన్న మాట గురించి ఎక్కువ రాయను. యేసు శిష్యుడు తోమా అపొస్తలుడు క్రీ.శ. 52లో మలబారు తీరాన దిగాడన్నది కేరళ క్రైస్తవుల సంప్రదాయం. సంప్రదాయం మాట అటుంచినా, కొల్లంలో చర్చికి ఇచ్చిన తరిసాపల్లి రాగి శాసనాలు 9వ శతాబ్దానివి. మన అమరావతి నుంచి, నాగార్జునకొండ నుంచి బౌద్ధం సముద్రాలు దాటి వెళ్లింది. సింహళంలో బుద్ధుడికి దణ్ణం పెట్టుకునే ముసలమ్మని ఇది నీది కాదమ్మా, ఇండియావాళ్లది అని ఎవరంటారు? పురుషోత్తమ చౌదరి గారు 1803లో పుట్టారు, బ్రాహ్మణ కుటుంబం. ఆయన కట్టిన కీర్తనలు మేం ఇప్పటికీ పాడతాం. మా కీర్తనల పుస్తకంలో ప్రతి పాట నెత్తినా రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. మూడో వీధి సంగీతం టీచరమ్మగారు ఒకసారి మెట్ల మీద ఆగి విని, ఇది మోహన కదండీ అన్నారు. ఇప్పటి కుర్రాళ్ల కీబోర్డు మోత విని మీరు అదంతా నమ్మకపోవచ్చు, ఆ విషయంలో నేను మీ పక్షమే. జాషువా గారికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది క్రీస్తు చరిత్రకే. వినుకొండ మనిషి, పద్యం రాశాడు. ఇంతకంటే తెలుగు ఏముంటుంది?

ఇక అసలు సంగతి. ఈ కాలనీలో ఇరవై రెండేళ్లుగా ఉన్నాను. మీరు బొట్టెందుకు పెట్టరు, ప్రసాదం ఎందుకు తినరు, అంత గట్టిగా ఎందుకు ప్రార్థిస్తారు అని చాలామంది అడిగారు. మీరు నమ్మేదేమిటి అని ఒక్కరూ అడగలేదు. తప్పు నాదీ ఉంది, నేనూ చెప్పలేదు. స్టాఫ్ రూముల్లో మతం మాట వస్తే కాపీలు దిద్దుకుంటూ తల వంచుకోవడం నేర్చుకున్నవాణ్ణి.

మా ఎదురింటి పెద్దాయన ఒకసారి తేలిగ్గా తేల్చేశారు: "మాకు పది అవతారాలు, మీకు ఒకటి. అంతే కదండీ తేడా." ఆప్యాయంగానే అన్నారు. తేడా సంఖ్యలో లేదని అప్పుడు చెప్పలేకపోయాను. అవతారం అనగానే మనకి దుష్టశిక్షణ, శిష్టరక్షణ గుర్తొస్తాయి. భగవంతుడు వస్తాడు, బలవంతుడై వస్తాడు, దుర్మార్గుణ్ణి దండిస్తాడు. మేం చెప్పే కథలో దేవుడు వడ్రంగి ఇంట పెరిగాడు. దుష్టుల్ని శిక్షించలేదు, దుష్టుల చేతిలో తనే శిక్ష పడ్డాడు. సిలువ అంటే ఇప్పుడు మెడలో గొలుసుకి వేలాడే బంగారు ముక్క. ఆ కాలంలో రోమా ప్రభుత్వం బానిసలకీ తిరుగుబాటుదారులకీ వేసే శిక్ష అది. బట్టలు ఒలిచి, జనం వచ్చే పోయే దారి పక్కన, అందరూ చూసేలా వేలాడదీసేవారు. అదీ ఊళ్లో కాదు. ఊరి గవిని బయట.

ఈ 'ఊరి బయట' దగ్గర కొంచెం ఆగండి. మా ముత్తాత వాళ్ల ఇల్లు ఊరి బయట. బావి వేరు, దారి వేరు. పండగ రోజు దేవుడి పల్లకీ ఊరంతా తిరిగి పల్లె మొదట్లోనే వెనక్కి తిరిగిపోయేది. అలాంటి మనిషికి ఎవడో తోటి తోళ్ల వ్యాపారి వచ్చి, దేవుడు ఊరి బయట చచ్చిపోయాడురా, మనలాంటి చోట, అని చెప్పాడు. నేను వేదాంతం చదువుకోలేదు, పెద్ద పెద్ద మాటలు రావు. కానీ ఆ వాక్యం ఆ రోజున ఆ పల్లెలో ఎలా వినిపించి ఉంటుందో నాకు తెలుసనిపిస్తుంది. బియ్యం లెక్క వేసేవాళ్లు ఈ వాక్యాన్ని లెక్కలోకి తీసుకోరు.

పాపం అన్న మాట మీకు నచ్చదు. మైకులో ఎవరో 'పాపులారా' అని అరిస్తే నాకూ ఒళ్లు మండుతుంది. ఆ మాటని వేలెత్తి చూపడానికి వాడితే అది మా మతం కాదు. పాపి అంటే ముందు నేను. ఒక పిల్లాణ్ణి, కోపంలో, వాడి తప్పు కాకపోయినా, క్లాసు ముందు చెంప మీద కొట్టాను. 1991లో. వాడు ఇప్పుడు ఆర్టీసీలో కండక్టరు. కనిపించినప్పుడల్లా "నమస్తే సార్" అని నవ్వుతాడు, టికెట్టు డబ్బులు తీసుకోనంటాడు. ఆ నవ్వు ముందు నేను చేసిన ఏ మంచి పనీ నిలవదు. ఇన్ని ఉపవాసాలు, ఇంత దానం అని కూడికలు వేసి ఆ చెంపదెబ్బని కొట్టివెయ్యడానికి నాకు లెక్క కుదరలేదు. అప్పు నేను తీర్చలేను, తీర్చగలవాడు తీర్చాడు, ఊరికే. దాన్ని మేం కృప అంటాం. దానికి ధర లేదు, అందుకే 'నెలకెంత' అన్న ప్రశ్న నాకు అంత లోపల తగిలింది.

యేసు చెప్పిన ఒక కథ ఉంది. ద్రాక్షతోట ఆసామి పొద్దున్నే కొందరు కూలీల్ని పిలిచాడు, మధ్యాహ్నం కొందర్ని, ఇక గంటలో పొద్దుగూకుతుందనగా ఇంకొందర్ని. చివరికి అందరికీ ఒకే కూలి ఇచ్చాడు. పొద్దుటినుంచి ఎండలో మాడినవాళ్లు గొడవ పెట్టుకున్నారు. లెక్కల మాస్టారుగా ఆ కథ నాకు చాలాకాలం మింగుడు పడలేదు. ఇది అన్యాయం కాదా అని మా పాస్టరు అయ్యగారినే అడిగాను. మా నాన్న పోయే ముందు మంచం మీద, "నేను సాయంత్రం వచ్చినోణ్ణిరా" అన్నాడు. ఆ కథ నాకు అప్పుడు అర్థమైంది. అయితే ఎన్ని వెధవపనులైనా చేసి క్షమించమంటే సరిపోతుందా అంటారు. సరిపోదు. జక్కయ్య అనే పన్నులవాడు యేసు తన ఇంటికి వచ్చిన రోజునే, అన్యాయంగా లాగిన సొమ్ముకి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. ఊరికే వచ్చినదాన్ని అందుకున్న చెయ్యి మళ్లీ పాత పని మీదికి పోతే, అది నిజంగా అందుకోలేదనే మేం అనుకుంటాం.

చనిపోయినవాడు లేచాడంటే నమ్మాలా అని ఇంజనీరింగు చదివే మా కింది వాటా అబ్బాయి అడిగాడు. అడగాల్సిన ప్రశ్న అదే. అది జరగకపోతే మా నమ్మకం వట్టిదేనని తొలినాళ్ల బోధకుడు పౌలు తనే రాశాడు. పైథాగరస్ సిద్ధాంతంలా బోర్డు మీద రుజువు చేసి కింద గీత గీయలేను బాబూ, అన్నాను. చరిత్రకి సాక్ష్యాలుంటాయి. యేసుని రోమా గవర్నరు పిలాతు హయాంలో చంపించారన్నది మాకు ఏమాత్రం మిత్రుడు కాని రోమా చరిత్రకారుడు టాసిటస్ కూడా రాశాడు. ఆయన లేచి కనిపించాడని చెప్పినవాళ్ల జాబితా పౌలు పత్రికలో ఉంది, ఆ సంఘటన జరిగిన పాతికేళ్ల లోపే రాసిన ఉత్తరం. వాళ్లలో చాలామంది ఇంకా బతికే ఉన్నారు అంటాడు, అంటే పోయి అడుక్కోండి అని. ఇంకోటి, ఖాళీ సమాధిని మొదట చూసింది ఆడవాళ్లని నాలుగు సువార్తలూ చెబుతాయి. ఆడవాళ్ల మాటకి పెద్దగా విలువివ్వని ఆ కాలంలో, కట్టుకథ అల్లేవాడు వాళ్లని సాక్షులుగా పెట్టుకుంటాడా? వీటితో ఎవరూ నమ్మితీరాలని కాదు. బుర్ర గుమ్మం బయట వదిలేసి లోపలికి వెళ్లడం లేదని చెప్పడానికే. విశ్వం ఒక అణువులాంటి దానిలోంచి మొదలైందన్న ఊహని 1931లో ముందుకు తెచ్చిన లెమైత్ర్ బెల్జియం దేశపు క్యాథలిక్ ఫాదరు. ఆ అబ్బాయికి అది కొత్త. సృష్టి కథ ఉన్న బైబిలు మొదటి పుస్తకం ఆదికాండాన్ని నేను ఫిజిక్సు పుస్తకంలా చదవను. అలా చదివేవాళ్లు మా కూడికలోనే ఉన్నారు, వాళ్లతో నా వాదన వేరే గురువారం.

ప్రసాదం సంగతి. వినాయక చవితి పందిరి దగ్గర్నుంచి కమిటీవాళ్లు ఏటా లడ్డూ పంపిస్తారు. మొదటి ఏడు మా ఆవిడ పళ్లెం అందుకుని, వంటింటి గట్టు మీద పెట్టి, నా మొహం చూసింది. వద్దంటే ఇచ్చినవాళ్లని అవమానించినట్టు. తింటే మనసు ఒప్పదు. పారెయ్యడమా, అన్నం పారేసే ఇల్లు కాదు మాది. చివరికి పనమ్మాయికి ఇచ్చాం, అదీ దొంగతనంగా. మీరు దీన్ని అసహ్యం అనుకున్నారు. కాదు. ఈ గొడవ రెండు వేల ఏళ్ల నాటిది. కొరింథు పట్నంలో విగ్రహాలకి పెట్టిన మాంసం తినొచ్చా అని విశ్వాసులు కొట్టుకున్నారు. తింటే నష్టమూ లేదు, తినకపోతే లాభమూ లేదు, కానీ ఇది నైవేద్యం అని ఎవరైనా చెప్పినప్పుడు మాత్రం తినకండి అన్నాడు పౌలు. ఒక్కడికే ఆరాధన అని ఒప్పుకున్నవాడికి ఆ లడ్డూ తీపి పదార్థం కాదు, ఒక ఒప్పుకోలు. మీకు కూడా అది వట్టి తీపి కాదు కదా, అందుకే ప్రసాదం అంటారు. ఆ మాటని మేం సీరియస్‌గా తీసుకుంటున్నాం కాబట్టే తినలేకపోతున్నాం. బొట్టు అలాంటిది కాదు, దాన్ని బైబిల్లో ఎక్కడా వద్దనలేదు. అది వాడుకలో వచ్చిన ఎడం. మా అత్తగారి తరంలో కొందరు పెట్టుకునేవారు కూడా.

ఇక అందరికీ కోపం వచ్చేది: యేసు ఒక్కడే మార్గమంటారు, మిగతావాళ్లం నరకానికేనా? అన్ని దారులూ ఒకే చోటికి పోతాయని మీరంటారు. అది వినయంగా వినిపిస్తుంది గానీ, అదీ ఒక తీర్పే. ఒక్కటే దారి అనే నా మాట తప్పని మీరు తేల్చేస్తున్నారు. ఇద్దరం ఏదో ఒకటి నిజమనే అంటున్నాం. నిజమనుకున్నదాన్ని నిజం కాదన్నట్టు మీ ముందు నటిస్తే అది మీకు మర్యాద చేసినట్టు కాదు. అయితే ఒకటి ఒప్పుకుంటాను. 2019లో మా ఆవిడకి ఆపరేషనైనప్పుడు రాత్రి పదకొండింటికి రక్తం కావాలంటే స్కూటరు మీద వచ్చి ఇచ్చినాయన ఇదే కాలనీలో రోజూ సంధ్యావందనం చేసుకునే మనిషి. ఆయన సంగతి దేవుడి దగ్గర ఏమవుతుంది అని నన్ను అడిగితే, తెలీదు అంటాను. తీర్పు చెప్పే కుర్చీలో నన్ను ఎవరూ కూచోబెట్టలేదు. నాకు తెలిసిన దారి చెప్పడం నా పని, అదీ అడిగినప్పుడు, మెత్తగా. సాత్వికంతో సమాధానం చెప్పమని యేసు శిష్యుడు పేతురు రాసిన మాట మాలో చాలామందికి కంఠతా వస్తుంది. ఫోనులో వీడియోలు పెట్టి ఎదుటివాళ్ల దేవుళ్లని తిట్టే మా బోధకులు కొందరు ఆ వాక్యంలో 'సాత్వికం' మింగేసి 'సమాధానం' ఒక్కటే చదువుతున్నారు. వాళ్ల తరఫున సిగ్గుపడుతున్నాను.

సిగ్గుపడాల్సినవి ఇంకా ఉన్నాయి. మా దగ్గరి బంధువు ఒకామె స్వస్థత సభలో విన్న మాట పట్టుకుని షుగరు మాత్రలు మానేసింది. ఏడాది తిరక్కుండా కాలు తీసేశారు. మాత్రలు మానడమే విశ్వాసమైతే అమెరికన్ మిషనరీ డాక్టరు కుగ్లర్ దొరసాని 1898లో గుంటూరులో ఆసుపత్రి ఎందుకు తెరిచినట్టు? కులం సంగతి మరీ ఘోరం. ఊరి బయట చనిపోయిన దేవుణ్ణి మొక్కుతూ, మాలల చర్చి వేరు, మాదిగల చర్చి వేరు. పెళ్లి సంబంధాల ప్రకటనల్లో క్రైస్తవులు అని రాసి పక్కనే కులం రాసుకుంటారు. మీరు దెప్పిపొడిస్తే నా దగ్గర జవాబు లేదు.

డబ్బుకి మారతారు అనేవాళ్లు మాత్రం చట్టం చూడాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు, క్రైస్తవుల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో మారినవాళ్లు బీసీ-సీ కిందికి వస్తారు, రిజర్వేషను ఒక్క శాతం. అంటే మాదిగ కుర్రాడు నేను క్రైస్తవుణ్ణి అని కాగితం మీద నిజం రాస్తే పోగొట్టుకునేదే ఎక్కువ. అందుకే కొందరు ఆదివారం ఒకటి, సర్టిఫికెట్‌లో ఒకటిగా బతుకుతున్నారు. వాళ్లని నేను వెనకేసుకురాను. కానీ బీసీ-సీ సర్టిఫికెట్టుతో ఉద్యోగం చేసిన నాలాంటివాణ్ణి పట్టుకుని 'ఎంత ఇచ్చారు' అనకండి, ఎంత పోయింది అని అడిగితే చెబుతాను.

తీర్మానం విషయానికొస్తే, రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ఆచరించడానికీ ప్రచారం చేసుకోవడానికీ హక్కిచ్చింది. ప్రచారంలో ఇంకొకర్ని మార్చే హక్కు లేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నాకు ఆ మాటతో పేచీ లేదు, మనిషిని మనిషి మార్చలేడనే మేమూ నమ్ముతాం. కానీ ఇళ్లలో మత సమావేశాలు వద్దంటే అది అన్ని ఇళ్లకీ వర్తించాలి. నాలుగో వీధిలో అయ్యప్ప పడిపూజకి నేను వెళ్లి కూచున్నాను, పక్క బ్లాకులో సత్యనారాయణ వ్రతం భోజనాలకి వడ్డించాను. అవి ఆగడం నాకిష్టం లేదు. మాది ఆపడానికి అవీ ఆపుతారా?

మా తప్పులు మేం దిద్దుకుంటాం. స్పీకరు బాక్సు ఈ వారమే కిందికి దించేశాను, పాటలు నోటితోనే. ఎనిమిదింటికి ముగిస్తాం, పదో తరగతి పిల్లలున్న ఇల్లు పక్కనే ఉందని నాకు ముందే తోచాల్సింది. బైకులు ఎవరి గేటు ముందూ పెట్టకుండా నీళ్ల ట్యాంకు దగ్గర పెట్టిస్తాను. కొత్తగా వచ్చే ముఖాలెవరని అనుమానమైతే పేర్లు రాసే పుస్తకం మెట్ల దగ్గర ఉంచుతాను, ఎవరైనా చూసుకోవచ్చు.

వచ్చే గురువారం ఆరున్నరకి కమిటీవాళ్లు, ఆ రోజు వెనక వరసలో కూచున్నాయన, కలిసి రండి. ప్రార్థనలో కూచోనక్కర్లేదు, కిటికీ దగ్గర ప్లాస్టిక్ కుర్చీలు వేయిస్తాను. అయ్యాక ఏం అడగాలనుకుంటే అది అడగండి, పైన రాసినదాంట్లో తప్పులుంటే పట్టుకోండి. టీ, పకోడీ మా ఆవిడ చేస్తుంది, నైవేద్యం పెట్టినవేమీ కావు. చెప్పులు కిందే విప్పండి, పైన గుమ్మం ఇరుకు.

మీ,
రెండో వీధి లెక్కల మాస్టారు
ఒంగోలు